మూడు మొనల బిళ్ళ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి ఊళ్ళలో లేతు షాపు మీరు చూచే ఉంటారు. ఇనుపకడ్డీ గిరగిర తిరుగుతూంటే టూలు దాన్ని కోస్తుంది.

పూర్వం టూలు మొద్దుబారితే సానపట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఉక్కు కాడకు టంగ్‌స్టన్ కార్బైడు బిళ్ళ బిగిస్తున్నారు. ముక్కోణపు బిళ్ళకు మూడు మొనలు. ఒకటి అరిగితే స్క్రూ వదులుచేసి తిప్పితే సరి, కొత్త మొన సిద్ధం! రెండువైపులా పనికివచ్చేదైతే ఆరు మొనలన్నమాట.

ఇంట్లో సరదాకి చిన్న లేతు పెట్టుకున్నవారు మాత్రం కాడ ఎత్తు చూచి కొనాలి. మొన సరిగ్గా కడ్డీ నడిమికి సమంగా ఉండాలి. పైకి ఉంటే కోయక రాసుకుంటుంది. కిందికి ఉంటే కడ్డీ ముఖం చదును చేసేటప్పుడు మధ్యలో బొడిపె మిగులుతుంది.

తగ్గితే అడుగున రేకు పెట్టవచ్చు. మరి ఎక్కువైతే? కాడ అడుగు అరగదీయించాలి. బిళ్ళ కూర్చునే గూడు మాత్రం ముట్టుకోరాదు. అది చెడితే బిళ్ళ కదిలి పగులుతుంది. అందుకే ముందు కొలత, తరవాతే కొనుగోలు!