కంప్యూటరుపై స్వరలేఖనము

తెలుగు లిపిలో స్వరమును వ్రాయుట మిక్కిలి సులభము. "స" అని హ్రస్వముగా వ్రాసినచో ఒక అక్షరకాలము. "సా" అని దీర్ఘముగా వ్రాసినచో రెండు. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని ఛందస్సులో చదివిన బాలునకు ఈ లెక్క వేరుగా బోధింప నక్కరలేదు. అక్షరముపై చుక్క పెట్టిన తారస్థాయి, క్రింద పెట్టిన మంద్రస్థాయి. స్వరమును, దాని కాలమును ఒక్క అక్షరమే చెప్పుచున్నది.

ఇంత చక్కని లిపి ఉండగా ఐదు గీతల పాశ్చాత్య లిపితో పనియేమి యని కొందరు అడుగుదురు. పని కలదు. పాఠశాలలో పదిమంది బాలురు వేర్వేరు వాద్యములపై ఒక పాటను కలిసి వాయింపవలెనన్నను, తెలుగు రాని వాద్యకారునకు ఒక కీర్తన స్వరమును పంపవలెనన్నను, అందరును చదువగల లిపి ఆ ఐదు గీతలదే. దానిని చేతితో అందముగా వ్రాయుట కష్టము. అచ్చువేయుట మరింత కష్టము. 1501లో వెనిస్ నగరమున పెట్రూచి అనునతడు కదిలించు అచ్చులతో బహుగాత్ర సంగీతమును తొలిసారి ముద్రించినప్పుడు గీతలకొకసారి, స్వరములకొకసారి, ఇట్లు ఒకే కాగితమును పలుమారులు యంత్రమునకెక్కింపవలసి వచ్చెను. నేడు ఆ పనిని కంప్యూటరు చేయుచున్నది. 1988లో ఫినాలే, 1993లో సిబేలియస్ అను ప్రోగ్రాములు వెలువడెను. జర్మనీ దేశస్థుడగు వెర్నర్ ష్వీర్ 2002లో ఆరంభించిన మ్యూజ్‌స్కోర్ ఉచితముగా లభించును గనుక విద్యార్థులకు అనువైనది.

క్రొత్తగా నేర్చువానికి అందు ఎదురగు మొదటి చిక్కు యంత్రమునకు సంబంధించినది కాదు, కాలమునకు సంబంధించినది. తెలుగు లిపిలో ఒక్కటిగా నున్న స్వరకాలములను ఈ ప్రోగ్రాము విడదీయును. సాధారణ పద్ధతిలో మొదట ఎన్ అను మీటను నొక్కి స్వరలేఖనమునకు సిద్ధము కావలెను. పిమ్మట కాలమును తెలుపు అంకెను, ఆ తరువాతనే స్వరమును తెలుపు ఆంగ్లాక్షరమును నొక్కవలెను. 5 అను అంకెకు వచ్చు స్వరమును ఒక అక్షరకాలముగా భావించినచో, 6 నొక్కిన రెండు, 7 నొక్కిన నాలుగు, 4 నొక్కిన అర అక్షరకాలము. ఎంతసేపు పలుకవలెనో నిశ్చయించుకొననిదే ఏ స్వరమును వ్రాయుటకు వీలులేదు. ఏండ్ల తరబడి పాడుచున్న పాటయందు ఫలానా స్వరము ఎన్ని అక్షరములు నిలుచుచున్నదని అడిగినప్పుడు, వ్రేళ్లపై లెక్కింపక చెప్పగలవారు అరుదు. ఆ లెక్కకు అలవాటుపడుటయే మొదటి పాఠము.

రెండవ చిక్కు మరియొకటి. ఉత్తరము టైపు చేయునప్పుడు నడుమ ఒక మాట చేర్చినచో తక్కిన మాటలు ప్రక్కకు జరుగును. ఇచ్చట జరుగవు. క్రొత్త స్వరము పాతదాని చోటును ఆక్రమించును. ప్రతి గడియు ముందుగనే విరామ చిహ్నములతో నిండియుండును. వాని స్థానముననే స్వరములు వచ్చి కూర్చుండును. ఇది దోషము కాదు. రూపకతాళమున ఆవర్తమునకు ఆరే అక్షరములు. ఏడవదానిని ఇరికించి తాళమును జరుపుట ఏ గాయకునకును సాధ్యము కాదు; యంత్రము ఆ నియమమునే పాటించుచున్నది.

ఇక స్వరస్థానముల సంగతి. సి అను మీటను షడ్జముగా గైకొని ఏడు మీటలను వరుసగా నొక్కినచో శంకరాభరణము వచ్చును. బాలపాఠములు మాయామాళవగౌళలోనివి. కనుక రిషభమును, ధైవతమును ఒక్కొక్క మెట్టు దింపవలెను. డి అను స్వరమును వ్రాసి క్రిందిబాణపు మీటను నొక్కిన అది కోమలమగును. తొందరపడి సి వ్రాసి పైబాణము నొక్కినను చెవికి అదే ధ్వని వినవచ్చును. కాని కాగితముపై అది రిషభము గాక హెచ్చింపబడిన షడ్జముగా కనబడును. ఉచ్చారణ సరియైనను వర్ణక్రమము తప్పినట్లే. చెవి పట్టజాలని ఈ తప్పును చదువువాని కన్ను వెంటనే పట్టును.

సాహిత్యమును తెలుగు లిపిలోనే స్వరముల క్రింద చేర్చవచ్చును. "గోపాల" అను పదమును గో, పా, ల అని మూడుగా విరిచి ఒక్కొక్క స్వరము క్రింద నుంచవలెను.

ఇంత శ్రద్ధతో మలహరి గీతమొకటి పూర్తిచేసి, స్పేసు మీటను నొక్కి వినిన విద్యార్థికి ఆశాభంగము తప్పదు. స్వరములన్నియు సరియైనవే, తాళము సరియైనదే, రాగము మాత్రము జీవము లేనట్లుండును. గమకము లేని స్వరము నిటారుగా నిలిచియుండుటయే ఇందుకు కారణము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు 19వ శతాబ్ది చివర కర్ణాటక కృతులను పాశ్చాత్య లిపిలో వ్రాసి ప్రకటించిరి. ఆయన ప్రోత్సాహమును పొందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని తెలుగు లిపిలో వెలువరించిరి. కంపితము, స్ఫురితము, జారు మొదలగు గమకములకు అందు వేర్వేరు గుర్తులు కలవు. స్వరము మాత్రమే వ్రాసిన చాలదని ఆ మహనీయుడు గ్రహించెను. నేటి విద్యార్థియు స్వరముపై గమకము పేరును చిన్న అక్షరములతో వ్రాసి, గురువు పాడిన పాటను రికార్డు చేసి ఆ కాగితమునకు తోడుగా నుంచుకొనుట మేలు.

వ్రాసినదానిని భద్రపరచుటలోను జాగ్రత్త అవసరము. ఫినాలే అభివృద్ధిని నిలిపివేయుచున్నట్లు 2024 ఆగస్టులో దాని నిర్మాతలు ప్రకటించిరి. ముప్పదియారేండ్లుగా దానిని నమ్మి వ్రాసినవారు తమ వ్రాతలను వేరు ప్రోగ్రాములకు తరలింపవలసి వచ్చెను. ఏ ప్రోగ్రాములో వ్రాసినను, పలు ప్రోగ్రాములు చదువగల మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ రూపమున ఒక ప్రతిని, పీడీఎఫ్ రూపమున ఒక ప్రతిని, కాగితముపై ఒక ప్రతిని ఉంచుకొనవలెను. 1904 నాటి గ్రంథమును చదువుటకు నేటికిని తెలుగు అక్షరములు, స్వరజ్ఞానము తప్ప వేరు సాధనమక్కరలేదు.

మొదట ఒక సరళీవరుస, పిదప ఒక గీతము వ్రాసిన చేయి కుదురును. ఆ పిమ్మట అచ్చులోనున్న కృతులను తిరిగి వ్రాయుటకంటె, ఇంటిలో అమ్మమ్మ పాడు మంగళహారతినో, ఊరిలో భజనబృందము పాడు పాటనో వ్రాయుట మేలు. వానిలో పెక్కింటికి పాడువారి కంఠమే ఏకైక ప్రతి.