పదవితో ముగియని రాజకీయం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజకీయ చరిత్రలో టి.ఎన్. సదాలక్ష్మి పేరు సాధారణంగా ‘తొలి’ అనే మాటతోనే వినిపిస్తుంది. తొలి దళిత మహిళా మంత్రి, శాసనసభకు తొలి మహిళా ఉపసభాపతి. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ అక్కడే ఆగిపోతే ఆమె జీవితం లేవనెత్తిన అసలు ప్రశ్న మరుగున పడుతుంది: దళితులకు దక్కిన వాటా దళితులలో ఎవరికి చేరుతోంది?

సికింద్రాబాద్‌లో, పారిశుద్ధ్య పనిని కులవృత్తిగా సమాజం అంటగట్టిన మెహతర్ కుటుంబంలో 1928లో ఆమె జన్మించారు. 1957లో కామారెడ్డి నుంచి, 1962లో ఎల్లారెడ్డి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యారు. మంత్రిగా దేవాదాయ శాఖను నిర్వహించారు. దళితులను గుడి గడప తొక్కనివ్వని సమాజంలో గుడుల పాలన ఒక మెహతర్ స్త్రీ చేతికి రావడం అసాధారణ ఘటన. అయితే దస్త్రం మీద సంతకం చేసే అధికారం వేరు, ఊరి గుడిలో సమానంగా నిలబడగలగడం వేరు. ఉమ్మడి నియోజకవర్గ పద్ధతిలో రిజర్వుడు స్థానపు అభ్యర్థి దళితులే అయినా, గెలుపును నిర్ణయించేది అన్ని కులాల ఓటర్లు. టికెట్టు ఇచ్చేది పార్టీ అధినాయకత్వం. 1932 పూనా ఒప్పందం నుంచి దళిత ప్రాతినిధ్యాన్ని వెంటాడుతున్న పరిమితి ఇది.

సదాలక్ష్మి రాజకీయం పదవితో ముగియలేదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆమె ముందు నిలిచారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టిన తర్వాత, మలివయసులో వర్గీకరణ పోరాటానికి అండగా నిలిచారు. వర్గీకరణ దళిత ఐక్యతను చీలుస్తుందన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానిని తేలికగా కొట్టిపారేయలేం. అణచివేతను కలిసి ఎదుర్కోవలసిన అవసరం నిజమైనదే. కానీ పంపకంలో న్యాయం లేని ఐక్యత, బాగా వెనుకబడినవారి సహనం మీదే నడుస్తుంది.

2004లో ఆమె కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, 15 శాతం వాటాను వాటికి 1, 9, 5 శాతాలుగా పంచింది.

అయితే ఈ పంపకం విద్య, ఉద్యోగాల వరకే. తెలంగాణ శాసనసభలోని 19 ఎస్సీ స్థానాలకు గానీ, ఆంధ్రప్రదేశ్‌లోని 29 స్థానాలకు గానీ అది వర్తించదు. అక్కడ ఓట్ల బలం లేని చిన్న కులాల ప్రాతినిధ్యం నేటికీ పార్టీల దయాధర్మమే. సదాలక్ష్మి జయంతికి పూలమాల వేసే నాయకులు తమ అభ్యర్థుల జాబితాను ఆమె అడిగిన ప్రశ్న ముందు పెట్టి చూసుకోవాలి. 1957లో ఒక మెహతర్ స్త్రీకి తెరుచుకున్న శాసనసభ ద్వారం, ఆ తర్వాత అలాంటి బస్తీల నుంచి ఎందరికి తెరుచుకుందో వారే లెక్క చెప్పాలి.