కారైతే కుంగుతుంది... స్పీడు బ్రేకరు కుంగుతుందా?

గుడివాడ వైపు ఒక ఊళ్లో ఈ మధ్య ఒక కారు మీద తండ్రీ కొడుకుల మధ్య పది రోజులు వాదన నడిచింది. కారు 2014 మోడల్ మారుతి స్విఫ్టు. సెకండ్‌హ్యాండులో కొన్నారు. డబ్బు తండ్రిది, ముచ్చట కొడుకుది. టైరుకూ దానిపైని మడ్‌గార్డుకూ మధ్య కనిపించే ఖాళీ కొడుకు కంటికి నచ్చలేదు. ఫోనులో చూసే కార్లన్నీ నేలను కరుచుకుని పోతున్నాయి, మనదొక్కటే కోడిపుంజులా కాళ్లెత్తి నిలబడిందని అతని బాధ. మండల కేంద్రంలోని షెడ్డులో అడిగితే అదెంత పని అన్నారు. నాలుగు స్ప్రింగులూ విప్పి ఒక్కో చుట్టు కోసేస్తే సాయంత్రానికి కారు దిగిపోతుంది. కొత్త సామాను కొనక్కర్లేదు. కూలి ఇస్తే చాలు.

తండ్రి ఒక్క మాటే అడిగాడు: “కోసిన చుట్టు మళ్లీ అతుకుతుందా?”

అతకదు. అందుకే కోయకముందే ఆలోచించాలి.

మన పల్లెల్లో బండిని ఎత్తు చేసుకోవడమే గాని దించుకోవడం ఎవరూ ఎరగరు. లారీకి, ట్రాక్టరు ట్రక్కుకు బరువు చాలకపోతే కమాను కట్టలో ఇంకో పట్టీ వేయించుకుంటారు. ఇప్పుడు కార్లకు ముందూ వెనకా చుట్టల స్ప్రింగులు వచ్చాయి. వీటికి పట్టీ వేయడం కుదరదు, కోయడం మాత్రం కుదురుతుంది. చేతికి దొరికింది కదా అని రంపం ఆడిస్తున్నారు.

కోస్తే మెత్తబడదు

స్ప్రింగు కోస్తే కారు మెత్తగా కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొడుగాటి వెదురుగడ సులువుగా వంగుతుంది. దాన్నే సగానికి నరికి వంచబోతే మొండికేస్తుంది. స్ప్రింగు కూడా చుట్టలు చుట్టిన ఉక్కు కడ్డీయే గనుక దాని గుణమూ అంతే. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే మిగిలిన అయిదు చుట్లు అంతకు ముందుకన్నా అయిదో వంతు, అంటే నూటికి 20 వంతులు, బిగుసుకుంటాయి. చుట్టున్నర కోస్తే ఆ బిగువు మూడో వంతు పెరుగుతుంది.

బిగుసుకున్నా కారు దిగుతుంది. బరువు మోస్తూ 18 సెంటీమీటర్ల ఎత్తున నిలబడిన ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు తీస్తే ఎత్తు సుమారు 3 సెంటీమీటర్లు తగ్గుతుంది. చూపుకు రెండు వేళ్ల తేడా. ఆ రెండు వేళ్లూ ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించాలి. గుంటలో పడ్డప్పుడు చక్రం పైకి లేవడానికి కంపెనీవాళ్లు వదిలిన జాగాలోంచి వచ్చాయి. ఆ జాగా చివర ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి తగలాల్సిన ఆ రబ్బరు ఇక ప్రతి గుంటకూ తగులుతుంది. ఆ దెబ్బ స్ప్రింగు మీద కాదు, నేరుగా కారు బాడీ మీద పడుతుంది. లోపల కూర్చున్నవారి నడుములకూ తెలుస్తుంది.

షాకబ్జార్బరు సంగతి వేరే ఉంది. స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచడం దాని పని. పాత స్ప్రింగు బిగువుకు సరిపోయేలా దాన్ని తయారు చేశారు. బిగువు పెరిగిన స్ప్రింగును అది అదుపు చేయలేదు. అతుకుల రోడ్డు మీద కాస్త వేగంగా పోతే చక్రం నేలను విడిచి ఎగురుతుంది. నేల మీద లేని చక్రం బ్రేకు వేసినా ఆపదు, స్టీరింగు తిప్పినా తిరగదు.

ఇవన్నీ ఒక ఎత్తు, వెనక స్ప్రింగు ఒక ఎత్తు. స్విఫ్టులో వెనక స్ప్రింగు షాకబ్జార్బరుతో కలిసి ఉండదు. పైనొక కప్పు, కిందొక కప్పు, వాటి మధ్య నిలబడుతుంది. కారు బరువే దాన్ని నొక్కిపెడుతుంది. కారు ఎగిరి చక్రం కిందికి వేలాడినప్పుడు కూడా వదులు కాకుండా ఉండేంత పొడుగు దానికి పెట్టారు. పొట్టి చేసిన స్ప్రింగు అలాంటప్పుడు కప్పులో వదులై పక్కకు జరగవచ్చు, ఊడిరావచ్చు కూడా. జాకీ ఎత్తినప్పుడు ఊడితే అదృష్టం. రోడ్డు మీద ఊడితే కారులో ఉన్నవాళ్ల మాట చెప్పలేం.

ముందు చక్రాల సంగతీ చూడాలి. కారు దిగగానే వాటి తలలు లోపలికి వాలతాయి, అలైన్‌మెంటు మారుతుంది. మళ్లీ సరిచేయించకపోతే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. బయటికి కొత్తగానే కనిపిస్తుంది గనుక పేలేదాకా తెలియదు.

కొలిమి దగ్గర తెలిసిన సంగతే

ఎంత కోశారన్నదే కాదు, ఎలా కోశారన్నదీ ముఖ్యమే. కొన్నిచోట్ల రంపంతో పనిలేకుండా గ్యాసు మంటతో నిమిషంలో తెగ్గొడతారు. ఇందులో ఏముందో మెకానిక్కును కాదు, ఊరి కమ్మరిని అడగాలి. పాత లారీ కమాను పట్టీతో కత్తి చేసేటప్పుడు అతను ఎర్రగా కాలుస్తాడు, సాగగొడతాడు, నీళ్లలోనో నూనెలోనో ముంచుతాడు, మళ్లీ సన్నసెగ చూపిస్తాడు. ఎర్రగా కాలిన ఉక్కును అలాగే చల్లారనిస్తే బిరుసు పోతుంది. గబాల్న నీళ్లు పోస్తే పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. స్ప్రింగుకు ఫ్యాక్టరీలో పెట్టిన పదును ఇలాంటిదే. గ్యాసు మంట తగిలినచోట అది పోతుంది. ఆ చుట్టు కుంగనన్నా కుంగుతుంది, విరగనన్నా విరుగుతుంది. చేతి రంపంతోనో, నీళ్లు చల్లుకుంటూ గ్రైండరుతోనో నిదానంగా కోస్తే ఈ చెడుగు తప్పుతుంది. మిగతావి తప్పవు.

దీనికి తాతలాంటి పని ఇంకొకటుంది. స్ప్రింగు విప్పకుండానే కారు కింద మంట పెట్టి అది మెత్తబడి కుంగేదాకా కాల్చడం. కుడివైపు ఎంత దిగిందో ఎడమవైపు అంతే దిగాలని ఎక్కడా లేదు. ఆ పని చేస్తామన్న షెడ్డు నుంచి కారు తీసుకుని వచ్చేయడమే మంచిది.

ఊరి బంపు లెక్క వేరు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత వెడల్పు మీద కారు మొత్తం ఎక్కి దిగుతుంది. ఈ స్విఫ్టు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.43 మీటర్లు. ఆ లెక్కన కడుపు కింద 4 సెంటీమీటర్ల పైచిలుకు జాగా ఉంటే తగలకుండా దాటుతుంది. ఖాళీ కారుకు ఉన్నది 17 సెంటీమీటర్లు. ఒక చుట్టు కోసినా 14 మిగులుతాయి. అలాంటి రోడ్లున్నచోట కారు దించినవాడికి వచ్చే నష్టం తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి.

మన ఊళ్లలో బంపు ఎవరు పోశారు? మలుపులో ఎవరినో బండి గుద్దిన మర్నాడు ఊరివాళ్లే ఇసుక, సిమెంటు కలిపి పోసుకున్నారు. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల, దిమ్మ సరిగ్గా కడుపు కింద. దాని ఎత్తంతా లెక్కలోకి వస్తుంది. దీనికి తోడు నల్లరేగడి మీద వేసిన రోడ్డు ఏడాదికొక రూపు మారుతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. మిగిలిన సగంలో గుంటలున్నా అందులోనే పోవాలి. కారు కింద ముందు తగిలేది సైలెన్సరు గొట్టమో ఇంజను ఆయిల్ చాంబరో. చాంబరు పగిలిందని తెలియక రెండు మైళ్లు నడిపితే ఇంజనే పట్టేస్తుంది.

చట్టం కూడా ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ఈ చుట్టు దగ్గరే పేచీ పెట్టవచ్చు.

సెకండ్‌హ్యాండు కారు కొనేవారు చక్రం వెనకనుంచి టార్చి వేసి స్ప్రింగు చివర చూసుకోవాలి. ఫ్యాక్టరీ చివరకు మిగతా చుట్లలాగే రంగుంటుంది. కోసిన చివర వాడిగా, రంగు లేకుండా, తుప్పుతో ఉంటుంది. మంటతో కోసినదైతే కరిగి గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. అలాంటిది బయటపడితే రెండు వైపులా కొత్త స్ప్రింగులు వేయించాలి. ఒక్కటే మార్చితే కారు ఒరుగుతుంది.

ఇసుక బస్తాల ఉపాయం

కారు దించే మోజు అమెరికాలో పాతదే. 1940ల్లో, 50ల్లో లాస్‌ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని కార్లు కుంగదీసేవారు. తర్వాత స్ప్రింగులు కోశారు. చక్రపు రిమ్ము అడుగు కంటే కిందికి కారు భాగమేదీ దిగకూడదని 1958 జనవరి నుంచి కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. మర్నాడే అన్నట్టు 1959లో రాన్ అగిర్రే అనే యువకుడు కారుకు హైడ్రాలిక్ పంపులు పెట్టి, పోలీసు కనబడితే లేచేలా, మాయమైతే దిగేలా చేశాడు. అంత ఖర్చు ఇక్కడివారి వల్ల కాదు గాని బస్తాల ఉపాయం మాత్రం మన ఇంటిదే.

గుడివాడ వైపు ఊళ్లో తండ్రి చేసిందీ అదే. ఇంట్లో ఉన్న ధాన్యం బస్తాలు నాలుగు, ఒక్కోటి 75 కిలోలు, డిక్కీలో రెండు, వెనక సీటులో రెండు వేయించాడు. కారు కొడుకు కోరిన ఎత్తుకు దిగింది. టైరు మీద ఖాళీ పోయింది. కొడుకు చుట్టూ తిరిగి ఫోటో కూడా తీసుకున్నాడు. తండ్రి పక్క సీటులో కూర్చుని బడి దగ్గర బంపు మీదుగా రామాలయం దాకా పోనిమ్మన్నాడు.

బడి దాకా బాగానే వెళ్లారు. బంపు దగ్గర ముందు చక్రాలు దాటాయి. వెంటనే కింద కర్రుమని రేకు గీరినట్టు చప్పుడైంది. కారు ఆగింది. కొడుకు దిగి నేల మీద పడుకుని టార్చి వేసి చూశాడు. చాంబరుకేమీ కాలేదు, సైలెన్సరు గొట్టం మీద వేలెడు పొడుగున గీత పడింది. తాపీ మేస్త్రీ టేపు తెచ్చి దిమ్మ కొలిస్తే 13 సెంటీమీటర్లు. ఇద్దరూ కలిసి రెండు బస్తాలు అక్కడే దించి కారును దాటించారు.

మర్నాడు షెడ్డు నుంచి ఫోను వచ్చింది, కారు ఎప్పుడు తెస్తారని. పంచాయతీవాళ్లు బంపు తీసేశాక తెస్తానని కొడుకు చెప్పాడు.