పిల్లల కడుపులో బల్ల

మన తోటల్లో పెరిగిన పెద్దవారికి 'బల్ల' అన్న మాట కొత్త కాదు. జ్వరాలతో చిక్కిపోయిన పిల్లవాని ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలేదానిని అలా పిలిచేవారు. పొట్టమీద వాతలు పెట్టించినవారూ ఉన్నారు. వైద్యులు దీనినే ప్లీహం పెరగడమంటారు.

ప్లీహం ఎడమ పక్కటెముకల చాటున ఉంటుంది. ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. ముసలివైనవాటిని, చెడిపోయినవాటిని ఏరివేయడం, క్రిములతో పోరాడడం ప్లీహం పని. ఆ పని మితిమీరితే ఉబ్బుతుంది. అంటే బల్ల దానంతటదే జబ్బు కాదు, మరొక జబ్బుకు గుర్తు.

తాతల కాలంలో ఆ జబ్బు చాలావరకు మలేరియాయే. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1901లో ఇక్కడ క్లాంగులో మాల్కం వాట్సన్ అనే డాక్టరు కాలువలు తవ్వించి దోమలను అణచసాగాడు. ఏ తోటలో మలేరియా ఎంత ఉన్నదో తెలియడానికి ఆయన కూలీల పిల్లల పొట్టలు తడిమి, నూటికి ఎందరికి బల్ల ఉన్నదో లెక్కవేసేవాడు. ఆ లెక్కల్లో మన తాతమ్మలూ ఉండి ఉంటారు.

2018లో మలేషియాలో మనుషుల మధ్య పాకే మలేరియా స్థానికంగా ఒక్కరికీ సోకలేదు. కోతులనుండి వచ్చే మలేరియా మాత్రం అడవి అంచుల్లో ఉన్నది. టైఫాయిడు, కొన్ని వైరస్ జ్వరాలు, కాలేయ వ్యాధులు, అరుదుగా రక్త కేన్సరు కూడా ప్లీహాన్ని పెంచుతాయి. అయితే మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది తలసేమియా. అది మలాయి, చీనా కుటుంబాలదే అనుకుంటాము. మనలోనూ ఉన్నది.

ఇందులో ఎర్రకణాలు పుట్టుకతోనే లోపంగా తయారై త్వరగా నశిస్తాయి. బిడ్డ పాలిపోతాడు, ఎదగడు, పొట్ట పెరుగుతుంది. ఇంట్లో పురుగులమందు పోస్తాము, తరువాత ఐరన్ టానిక్కు. రక్తపరీక్ష లేకుండా నెలలతరబడి టానిక్కు పోయడం తగదు. ఐరన్ తక్కువైనా తలసేమియా ఉన్నా కణాలు చిన్నవిగానే కనిపిస్తాయి గాని, తలసేమియా బిడ్డకు అనవసరపు ఐరన్ ఒంట్లో పేరుకొని చెరుపు చేస్తుంది.

డాక్టరు బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి, కుడి పొత్తికడుపునుండి ఎడమ పక్కటెముకలవైపు మెల్లగా తడుముతాడు. పసిపిల్లల్లో కొన తగిలినంతమాత్రాన భయం లేదు. తరువాత రక్తకణాల లెక్క, గాజుపలకపై రక్తపుచుక్క పరీక్ష, హిమోగ్లోబిన్ రకాల పరీక్ష, అవసరమైతే అల్ట్రాసౌండు. బల్ల ఉన్న పొట్టను తైలంతో మర్దనా చేయకూడదు, దెబ్బ తగలనీయకూడదు. ప్లీహం చిట్లితే లోపల రక్తం పోతుంది. జ్వరంతోపాటు ఒంటిమీద కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

తల్లిదండ్రులిద్దరూ తలసేమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశమున్నది. వాహకులకు బల్ల ఉండదు, బాధ ఉండదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. 2016నుండి ఫారం నాలుగు పిల్లలకు బడిలో ఈ పరీక్ష జరుగుతున్నది. ఆ కాగితం ఇంటికి వస్తే జాతకంతోపాటు భద్రపరచండి, సంబంధం చూసేటప్పుడు రెండూ తీయండి.