సీసా మనది, ద్రాక్షారసము వారిది

ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున, మధ్యధరా సముద్రతీరము నానుకొని వ్యాపించిన లాంగ్‌దాక్ సీమలో, ద్రాక్షరైతుల సహకార సంఘములు నడపు విక్రయశాలలకు గ్రామస్థులు తమ ఖాళీ సీసాలను, డబ్బాలను వెంటఁ గొనిపోయి, పెద్దతొట్లనుండి పెట్రోలు బంకులోని గొట్టమువంటి సాధనముతో వైనును లీటర్ల లెక్కన నింపించుకొందురు. సీసా, బిరడా, చీటీల వ్యయము తొలఁగుటచే వెల మిక్కిలి తగ్గును. చౌక యైనంతమాత్రమున నది హీనమని తలఁపరాదు.

1901లో ఈ సీమయందలి మరొసాన్ గ్రామమున స్వల్పభూములు గల రైతులు, దళారుల చేతఁ జిక్కక తమ సరకును తామే యమ్ముకొనుటకై సంఘముగాఁ గూడిరి. 1905లో సోషలిస్టు నాయకుఁడు జాఁ జోరెస్ వారిని సందర్శించెను. ఆ శ్రమజీవుల పూనికయే యీ వ్యాపారముపై నాకుఁ గల గౌరవమునకు మూలము.

అయితే గాలి సోఁకిన వైను త్వరలోనే చెడును గనుక, కడిగి యారఁబెట్టిన సీసాను మూతివఱకు నింపి, బిరడా బిగించి, చల్లనిచోట నుంచి, తెఱచిన పిదపఁ గొలఁది దినములలోనే త్రాగవలెను.