జోడు కుదరకపోతే తుప్పే!

ఇనుము మంచిదే. ఇత్తడి ఇంకా మంచిది. కానీ రెండూ ఒకదాన్నొకటి తాకుతూ తడిశాయంటే మాత్రం ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. మేడ మీది కుళాయి నుంచి విశాఖ రిఫైనరీ దాకా ఇదే కథ!

సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ అంటే రైల్వే కుటుంబాల పేట. పక్కనే లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు ఉంది. ఇనుము గురించి, తుప్పు గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేముంటుంది? అయినా ఈ వీధుల్లోనే కాదు, ఏ ఊళ్లోనైనా పాత మేడ ఎక్కి నీళ్ల ట్యాంకు దగ్గర చూడండి. జీఐ పైపు పొడవునా బాగానే ఉంటుంది. ఇత్తడి వాల్వుకూ ఏమీ కాదు. ఆ రెండూ కలిసే మర దగ్గర మాత్రం ఎర్రటి తుప్పు, బొట్టు బొట్టుగా నీళ్లు! 'పైపు పాతదైపోయింది' అని ఆ ముక్క మార్పిస్తాం. కొన్నేళ్లకు మళ్లీ అక్కడే లీకు.

తప్పు పైపుది కాదు, వాల్వుదీ కాదు. వాటి జోడుది. శాస్త్రవేత్తలు దీన్నే గాల్వానిక్ కరోజన్ అంటారు.

సెల్లులో జరిగేదే...

టీవీ రిమోట్‌లో వేసే మామూలు సెల్లు తీసుకోండి. పైన జింకు డబ్బా, మధ్యలో కార్బన్ కడ్డీ, రెంటి నడుమా తడి రసాయనం. కరెంటు పారుతున్నంతసేపూ జింకు కరుగుతూ ఉంటుంది. అందుకే వాడేసిన సెల్లు ఒక్కోసారి కారిపోతుంది. పైపు జాయింటులో జరిగేదీ అదే. కాకపోతే సెల్లులో మనకు కరెంటు కావాలి, పైపులో అక్కర్లేదు!

ఈ రహస్యానికి తీగ లాగింది ఇటలీకి చెందిన గాల్వానీ. రెండు రకాల లోహాలు తగిలినప్పుడు చచ్చిన కప్ప కాలు అదరడం 1780ల్లో ఆయన కంటబడింది. ఆ అదురు లోహాల జతవల్లే వస్తోందన్న వోల్టా, 1800లో తొలి బ్యాటరీ చేసి చూపించాడు.

లోహాలన్నిటికీ ఒక వరస ఉంది. మెగ్నీషియం, జింకు, అల్యూమినియం, ఇనుము, రాగి... చివర్లో బంగారం. వరసలో ముందున్నది త్వరగా లొంగిపోతుంది. వెనకున్నది నిలదొక్కుకుంటుంది. ఎంత దూరపు లోహాలను కలిపితే అంత ప్రమాదం. ఒంటరిగా ఉంటే ఇరవై ఏళ్లు మన్నే ఇనుము, రాగి పక్కన చేరితే అందులో సగం కూడా మన్నకపోవచ్చు.

మేకులు మాయం!

ఈ పాఠం ముందుగా నేర్చుకున్నది బ్రిటిష్ నౌకాదళం. చెక్క ఓడను పురుగులు తొలవకుండా 1761లో 'అలారం' అనే యుద్ధనౌక అడుగున రాగి రేకులు కొట్టారు. రెండేళ్లకు చూస్తే రేకులు చాలాచోట్ల ఊడొచ్చాయి. వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు కరిగిపోయాయి! విచిత్రమేమిటంటే, కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులకు చుట్టి పంపిన కాగితం అక్కడ తీయకుండా వదిలేశారట. రాగికీ ఇనుముకూ మధ్య ఆ కాగితమే అడ్డుపడింది.

రిఫైనరీలో...

ఇప్పుడు విశాఖ వెళ్దాం. 1957లో కాల్టెక్స్ ఆధ్వర్యంలో మొదలైన ఇక్కడి రిఫైనరీ తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది. ఏడాదికి 83 లక్షల టన్నులుగా ఉన్న దాని శుద్ధి సామర్థ్యాన్ని 1.5 కోట్ల టన్నులకు పెంచారు. ఇంతటి కర్మాగారంలో ఒకే లోహంతో పని నడవదు. వేడికి ఒకటి, ఆమ్లానికి ఒకటి, ఉప్పునీటికి మరొకటి కావాలి. వేడి చమురును చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్లనే చూడండి. ఎన్నోచోట్ల లోపలి సన్నటి గొట్టాలు ఇత్తడివి, వాటిని పట్టి ఉంచే పలక ఉక్కుది.

శుద్ధమైన చమురులో కరెంటు పారదు. కాబట్టి చమురుతో చిక్కులేదు. చిక్కంతా అందులో కలిసొచ్చే ఉప్పునీటితో, చల్లార్చే నీటితో, తీరప్రాంతపు తడిగాలితో.

ఇక్కడే చాలామంది పొరబడతారు. తుప్పు పట్టిన భాగం తీసి, దాని స్థానంలో ఖరీదైన లోహం పెడితే సరిపోతుందనుకుంటారు. కొత్త భాగం నిక్షేపంలా ఉంటుంది. పక్కనున్న పాత ఉక్కు మాత్రం మునుపటికన్నా వేగంగా పోతుంది! పెద్ద రాగి పలకకు చిన్న ఉక్కు బోల్టు బిగిస్తే మరీ ఘోరం. పలక మొత్తం దెబ్బ ఆ ఒక్క బోల్టు మీదే పడుతుంది.

రంగు విషయంలోనూ అంతే. తుప్పు పట్టే ఉక్కుకే రంగేసి వదిలేయకూడదు. ఆ పొరలో సూదిమొనంత కన్నం పడినా దాడంతా అక్కడే సాగి, ఉక్కు చిల్లిపడుతుంది. రెండో లోహానికి తప్పనిసరిగా రంగు వేయాలి.

చిన్న చిల్లు... పెద్ద శోకం

చిల్లే కదా అనుకుంటే పొరపాటే. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో మురుగు కాలువలు వరసగా పేలాయి. దాదాపు 8 కిలోమీటర్ల మేర వీధులు నిలువునా చీలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. భూమిలోని పెట్రోలు గొట్టానికి మరీ దగ్గరగా కొత్త నీటి గొట్టం వేయడంతో, తడినేలలో ఈ రెంటి మధ్య తుప్పు మొదలై చిల్లు పడిందని దర్యాప్తులో తేల్చారు. కాలువల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని జనం ముందే మొత్తుకున్నారు!

విరుగుడు చవకే

అలారం నౌకలోని కాగితమే నేటి మందు కూడా. రెండు లోహాల గొట్టాలు కలిసేచోట కరెంటు పారని గ్యాస్కెట్ వేస్తారు. బోల్టులకూ తొడుగులు, వాషర్లు వేస్తారు. ఒక్క బోల్టుకు తొడుగు మరిచినా మిగతా శ్రమంతా వృథా.

రెండో మందు త్యాగం! 1824లో హంఫ్రీ డేవీ చూపిన దారి ఇది. ఉక్కుకు జింకు దిమ్మ తగిలిస్తే, జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

- స్టోరేజి గీజర్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు కరిగిపోవడమే దాని పని. సర్వీసింగ్‌కి వచ్చిన మెకానిక్‌ని అడిగి చూపించమనండి. అరిగిపోతే మార్పించండి.

- రాగి తీగనూ అల్యూమినియం తీగనూ నేరుగా మెలిపెట్టవద్దు. జాయింటు పాడై వేడెక్కుతుంది. అందుకోసమే చేసిన కనెక్టర్లు దొరుకుతాయి.

- జీఐ పైపుకు ఇత్తడి వాల్వు నేరుగా బిగించే బదులు మధ్యలో ప్లాస్టిక్ ముక్క వేయమనండి. ఆ పైపును ఎర్తింగ్‌కి వాడుతుంటే మాత్రం ముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

లోహం కొనేటప్పుడు నాణ్యత చూస్తాం, ధర చూస్తాం. ఇకనుంచి దాని పక్కన ఉండబోయేది ఏమిటో కూడా చూద్దాం.