తాడుకి కూడా ఒక లాగ్ కావాలి

మాది పుంగనూరు, చదివేది కుప్పంలో. సెలవుల్లో ముగ్గురం ఫ్రెండ్స్ మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ వైపు వెళ్లి, కోచ్ దగ్గర రాళ్లెక్కడం నేర్చుకోవాలని ప్లాన్. డబ్బులు వేసుకుని క్లైంబింగ్ తాడు కొన్నాం. దాచే పని నాది. రెండు నెలల తర్వాత చూస్తే, తాడు సంచి మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి ఆనుకుని ఉంది.

తాడు మీద ఒక్క మరక లేదు. "బాగానే ఉంది కదా మచ్చా, పోదాం పా" అన్నాడు ఫ్రెండ్.

అసలు చిక్కే అది. క్లైంబింగ్ తాడు నైలాన్‌తో చేస్తారు. బలం ఎక్కువగా లోపలి పోగులది. పైన కనిపించే అల్లిక వాటికి చొక్కా లాంటిది. మనం జారి పడితే తాడు కొంచెం సాగి కుదుపుని మింగేస్తుంది. లారీకి లోడు కట్టే తాడు ఎంత లావున్నా ఆ పనికి చేసింది కాదు. యూఐఏఏ టెస్టులో సింగిల్ రోప్ 80 కిలోల బరువుతో కనీసం 5 గట్టి పాట్లు తట్టుకోవాలి. కానీ అది కొత్త తాడుకి పెట్టే టెస్ట్. బ్యాటరీ యాసిడ్ తగిలితే నైలాన్ లోలోపలే చచ్చిపోతుంది, రంగు కూడా మారకపోవచ్చు.

మిగతా శత్రువులు ఎండ, ఇసుక. మన గ్రానైట్ రాళ్ల ఇసుక అల్లికలోంచి లోపలికి దూరి పోగుల్ని కోస్తుంది. అందుకే తాడుని నేల మీద కాకుండా గుడ్డ మీద పరచాలి, తొక్కకూడదు. మురికైతే గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. మిద్దె మీద ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. ఎక్కిన ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడమాలి. ఎక్కడైనా మెత్తగా, చదునుగా, గట్టిగా తగిలితే వాడొద్దు. కారబినర్ గేటు దానంతటదే టక్కున మూసుకోవాలి. గేటు తెరిచి ఉంటే దాని బలం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది.

ఇవన్నీ చేసినా, తాడు ఎక్కడెక్కడ ఉందో తాడు చెప్పదు. హిస్టరీ లేని కోడ్‌ని మనం నమ్ముతామా? అందుకే కొన్న తేదీ, ఎక్కిన రోజులు, పడిన సార్లు, దాచిన చోటు రాసిపెట్టాలి.

మా తాడుని ముక్కలుగా కోసేశాం. ఊరికే పారేస్తే ఇంకెవరైనా తీసుకుని ఎక్కుతారని భయం. ఫ్రెండ్ రెండ్రోజులు మాట్లాడలేదు. ఒక ముక్కతో మా అవ్వ ఇప్పుడు దూడని కట్టేస్తోంది. కొత్త తాడుకి డబ్బులు కూడబెడుతున్నాం. దాని నోట్‌బుక్ మాత్రం ముందే కొన్నా.